నీరు తీసే కాలంలో పాంటనాల్: పిరానాల వెంట ఏడు రోజులు

మొదటి రోజు: కుయబా

కైకలూరు దగ్గర చేపల చెరువుల మధ్య పెరిగినవాణ్ణి కావడం వల్ల, ఏ కొత్త ఊరికి వెళ్ళినా ముందుగా అక్కడి చేపల మార్కెట్టు చూడటం నాకు అలవాటు. సావో పాలోలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిదితో కలిసి 2023 ఆగస్టు నెలాఖరులో బ్రెజిల్‌లోని పాంటనాల్ అనే వరద నేలకు ఉత్తరాన, మాటో గ్రోసో రాష్ట్ర రాజధాని కుయబాలో విమానం దిగి, హోటల్లో సామాను పడేసి, నది ఒడ్డున ఉన్న మార్కెట్టుకు నడిచి వెళ్ళాను. అక్కడి లెక్కలో అది చలికాలమే అయినా, ఎండ మాత్రం మన రోహిణి కార్తెను తలపించింది.

మంచు ముక్కల మీద పరిచిన చేపల్లో పకూను చూడగానే ఇంటి మనిషి ఎదురైనట్టు అనిపించింది. ఏలూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల చెరువుల్లో మనవాళ్ళు రూప్‌చంద్ అనే పేరుతో పెంచుతున్నది అమెజాన్, ఒరినోకో నదులకు చెందిన పకూ జాతి చేప. కుయబా మార్కెట్టులో నేను చూసింది పరాగ్వే, పరానా నదుల్లో పెరిగే దాని దగ్గరి చుట్టం. ఈ రెండూ పిరానాల కుటుంబానికే చెందుతాయి. అందుకే మన వైపు ఏ కాలువలోనైనా వలకు రూప్‌చంద్ పడితే, మనుషుల్ని తినే పిరానా దొరికిందని ఊరంతా గగ్గోలు పుడుతుంది. అది పిరానా కాదని ఎన్నో ఏళ్ళుగా పుస్తకాల్లో చదివిందే పదిమందికి చెబుతూ వచ్చాను గానీ, అసలు పిరానాను దాని నీళ్ళలో నేనెన్నడూ చూసి ఉండలేదు. ఈ ప్రయాణానికి కారణం అదే.

నా ఆసక్తి చూసి, చేపలమ్మే ఆవిడ కత్తి మొనతో ముందు పకూ పెదవిని, తర్వాత ఒక పిరానా పెదవిని నొక్కి చూపించింది. పకూ నోట్లో మన దవడ పళ్ళలాంటి బల్లపరుపు పళ్ళు రెండు వరుసలుగా ఉన్నాయి. నీళ్ళలో రాలిన కాయలనూ గింజలనూ నమలడానికి అవి తగినవి. పిరానా నోట్లో ఉన్నవి ఒకే వరుసలో, సందు లేకుండా అమరిన ముక్కోణపు పళ్ళు. అక్కడి ఆదివాసుల తుపి భాషలో ‘పిరా’ అంటే చేప అనీ, ఆ పేరులోని రెండో భాగానికి పన్ను అని అర్థమనీ బావమరిది చెప్పాడు. అక్కడివాళ్ళ నోట ఆ మాట ‘పిరాన్యా’ అని వినిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకొకటి గమనించాను. అక్కడున్న పకూల తోకల్లో కొన్నిటికి అంచున అర్ధచంద్రాకారంలో చిన్న గాట్లు ఉన్నాయి. వలలో చిరిగి ఉంటాయని అప్పటికి అనుకున్నాను.

రెండో రోజు: పొకోనే దాటిన తర్వాత

కుయబా నుంచి పొకోనే దాదాపు వంద కిలోమీటర్లు. ఆ ఊరు దాటాక ట్రాన్స్‌పాంటనేరా అనే మట్టి రోడ్డు మొదలై, సుమారు 145 కిలోమీటర్లు దక్షిణానికి సాగి, పోర్తు జోఫ్రి దగ్గర కుయబా నది ఒడ్డున ఆగిపోతుంది. 1970లలో దీన్ని వేసినప్పుడు దక్షిణాన ఉన్న కొరుంబా పట్టణం దాకా తీసుకుపోవాలనుకున్నారు గానీ ఆ పని పూర్తి కాలేదు. దారి పొడుగునా వందకు పైగా వంతెనలు ఉన్నాయి. మేము వెళ్ళేనాటికి వాటిలో చెక్క వంతెనలు కూడా మిగిలి ఉన్నాయి.

రోడ్డు కంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి దాని పక్కన ఉన్న గుంటలు. వరదకు మునగకుండా కట్ట ఎత్తుగా వేయడానికి ఇరుపక్కలా మట్టి తవ్వారు. వానాకాలంలో ఆ గుంటలన్నీ చుట్టూ ఉన్న బయళ్ళతో ఏకమై ఒకే నీరుగా మారతాయి. వానలు వెనక్కి తగ్గి బయలు బయటపడే కొద్దీ నీళ్ళు గుంటల్లోకి ఒదుగుతాయి. నీళ్ళతో పాటే చేపలు, చేపల వెనుకే మొసళ్ళు, కొంగలు చేరతాయి. ఒక గుంట పక్కన ఆగి చూస్తే, మధ్యలో నీళ్ళు ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. ఒడ్డున కైమన్ మొసళ్ళు ఒకదాని వీపు మీద మరొకటి తల ఆనించుకుని పడుకుని ఉన్నాయి. మా డ్రైవరు ఆ నీళ్ళ కదలికను చూపిస్తూ, అందులో సగం పిరానాలేనని చెప్పాడు. నీటి అంచుకు దగ్గరలో ఎవరో పాతిన కంచె గుంజ ఒకటి ఉంది. నీళ్ళు దాని మీద తేమ గీత వేసిన చోట నేను పెన్నుతో గుర్తు పెట్టాను. తిరుగు ప్రయాణంలో ఇదే దారిన వస్తాము కనుక చూసుకోవచ్చని అనుకున్నాను.

పాంటనాల్ ఎలా నడుస్తుందో తెలియకుండా పిరానా ఎక్కడ ఉంటుందో చెప్పడం కుదరదు. ఇంచుమించు లక్షన్నర చదరపు కిలోమీటర్ల ఈ పల్లపు నేల, విస్తీర్ణంలో మన ఆంధ్రప్రదేశ్ కంటే కాస్త చిన్నది. అత్యధిక భాగం బ్రెజిల్‌లో, కొంత బొలీవియా, పరాగ్వే దేశాల్లో ఉంది. ఉత్తరం నుంచి దక్షిణానికి నేల వాలు కిలోమీటరుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించదు కనుక, నవంబరు నుంచి మార్చి దాకా కురిసిన వాన నీరు కిందికి పోవడానికి నెలలు పడుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను కడుపులో పెట్టుకుని ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదిలే కొల్లేరును ఎరిగినవాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అటువంటి కొల్లేరును వందల రెట్లు పెంచి చూసుకుంటే పాంటనాల్ కళ్ళకు కడుతుంది.

మూడో రోజు: కొరీషు ఒడ్డున

రాత్రి బస ఒక పశువుల క్షేత్రంలో. అక్కడ నుంచి అరగంట నడిస్తే, స్థానికులు కొరీషు అని పిలిచే పాయ వస్తుంది. వరద కాలంలో ఇది ఒక మడుగును మరో మడుగుతో కలిపే కాలువ. ఇప్పుడు పారుదల ఆగి, టీ డికాక్షన్ రంగులో నిలిచి ఉంది. మాకు తోడు వచ్చిన పెద్దాయన వయసులో ఉండగా మందలను తోలుకుంటూ ఈ బయళ్ళలో నెలల తరబడి తిరిగిన మనిషి. ఆయన చేతిలో వెదురు గెడలు, గొడ్డు మాంసం ముక్కలున్న డబ్బా, గాలాలు ఉన్నాయి. గాలానికి పైన జానెడు మేర నైలాన్ దారానికి బదులు ఇనుప తీగ కట్టి ఉంది. దారమైతే మొదటి కాటుకే తెగిపోతుందట.

గెడ కొనతో నీళ్ళను నాలుగుసార్లు గట్టిగా కొట్టమన్నాడు. మన దగ్గర చేపలు బెదురుతాయని నీటి అంచున గట్టిగా మాట్లాడటానికి కూడా ఒప్పుకోరు. ఇక్కడ మాత్రం నీళ్ళలో ఏదో పడి కొట్టుకుంటోందన్న చప్పుడే వాటిని పిలుస్తుంది. ఎర మునిగిందో లేదో, గెడ వణికింది. లాగేసరికి గాలం ఖాళీగా వచ్చింది. మూడుసార్లు అలాగే జరిగింది. కొర్రమీనులా మింగి పోదు, జెల్లలా లాగదు. ఎర అంచులను కొరికి కొరికి పట్టుకుపోతుంది. వణుకు తెలిసిన క్షణంలోనే ఎత్తాలని నేర్చుకున్నాక, నాలుగోసారి అరచేతికి మించిన పిరానా ఒకటి గాలిలోకి లేచింది.

దాన్ని దగ్గరగా చూసిన ఆ పది నిమిషాలు నాకు బాగా గుర్తున్నాయి. పక్కల మీద ఉక్కు రంగు, ఆ రంగు మధ్య వెండి పొడి చల్లినట్టు మెరిసే పొలుసులు, గొంతు నుంచి పొట్ట మీదుగా బాగా పండిన బొప్పాయి రంగు. కింది దవడ పై దవడ కంటే ముందుకు పొడుచుకుని వచ్చి ఉంది. పెద్దాయన మొప్పల వెనుక గట్టిగా పట్టుకోగానే అది శబ్దం చేసింది. చిన్న డోలు మీద వేలితో వరసగా కొట్టినట్టు, ఆగి ఆగి. గాలితిత్తికి ఆనుకుని ఉన్న కండరాలను బిగించి వదలడం వల్ల పుట్టే శబ్దమది. తర్వాత ఆయన ఒక దళసరి ఆకును దాని నోటికి అందించాడు. దవడ మూసుకోవడం కంటికి ఆనలేదు. ఆకు అంచున అర్ధచంద్రాకారపు ముక్క మాత్రం లేదు. అంచు మీద పీచు కూడా లేవలేదు. కత్తెరతో కోసినంత నున్నగా ఉంది. పై పళ్ళూ కింది పళ్ళూ ఒకదాని సందులోకి మరొకటి జారేలా అమరడమూ, తలలో ఎక్కువ చోటు దవడ కండరానికే పోవడమూ దీనికి కారణం. పళ్ళు అరిగినప్పుడు ఒక్కొక్కటిగా రాలవు. ఒక పక్క దవడలోని పళ్ళన్నీ ఒక్కసారే మారి, కొత్త వరుస వస్తుంది.

రెండో చేపను గాలం నుంచి తీయబోయి నేను పట్టు జార్చుకున్నాను. అది ఒడ్డు మీద ఎగిరెగిరి పడుతూ నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. “బావగారూ, కాలు తీయండి!” అని బావమరిది అరవకపోతే బొటనవేలు దెబ్బతిని ఉండేది. వేలికి బదులు చెప్పు అంచు దానికి దొరికింది. రబ్బరులో ఒక అర్ధచంద్రం తెగిపోయింది. ఈ ప్రాంతంలో పిరానా కాట్లు పడేవాళ్ళలో ఎక్కువమంది ఇలా ఒడ్డునో పడవలోనో చేపను గాలం నుంచి విడిపించేవాళ్ళేనని పెద్దాయన చెప్పాడు.

మందలను ఏరు దాటించేటప్పుడు, ముసలిదో జబ్బుదో ఒక ఎద్దును కింది రేవులో ముందుగా దించి, పిరానాలు దాని మీద పడగా మిగిలిన మందను పై రేవున దాటించేవారన్న మాట ఉంది. పోర్చుగీసులో ‘పిరానాల ఎద్దు’ అనే నానుడి అందులోంచి వచ్చింది. మన బలిపశువు వంటిదే. తన జీవితంలో అలా ఒక్కసారి కూడా చేయవలసి రాలేదని పెద్దాయన అన్నాడు. పారే ఏటిలో భయం లేదనీ, ఎండి కుంచించుకుపోయిన మడుగులోకి మాత్రం పశువును దించకూడదనీ ఆయన అనుభవం.

సాయంత్రం వంటశాలలో చేపలు శుభ్రం చేస్తుంటే కూర్చుని చూశాను. మూడింటి పొట్టలు కోయించాను. ఒకదానిలో మెత్తబడిన చేప రెక్క ముక్కలు, పొలుసులు ఉన్నాయి. మరొకదానిలో రొయ్య తునకలతో పాటు గడ్డి గింజలు కనిపించాయి. మూడోది ఖాళీ. ఎముకలు ఎక్కువ కావడం వల్ల ముక్కలుగా వండకుండా, టమాటా, ఉల్లిపాయ, కొత్తిమీర వేసి ఉడికించి, మెత్తగా చేసి వడగట్టి చిక్కటి చారు చేస్తారు. ‘కాల్దు ది పిరాన్యా’ అనే ఆ చారు రుచి గట్టిది. మన చేపల పులుసులోని పులుపు మాత్రం దానిలో లేదు.

నాలుగో రోజు: పిషాయిం నది

రోడ్డు సగానికి దగ్గరలో పిషాయిం అనే చిన్న నది అడ్డం వస్తుంది. తెల్లవారుజామున పడవ ఎక్కాము. నీళ్ళ మీద పొగలా లేచిన మంచులో నీటికాకులు మునకలు వేస్తున్నాయి. ఒకటి ముక్కున వెడల్పాటి చేపతో పైకి వచ్చి, దాన్ని తలవైపుకు తిప్పుకుని మింగింది. పడవ నడిపే అతను చెప్పకపోతే అది చిన్న పిరానా అని నేను గుర్తుపట్టేవాణ్ణి కాదు. ఎవరైనా పిరానాల గుంపు అనగానే వేటాడే తోడేళ్ళ మందను ఊహించుకుంటారు. అమెజాన్‌లోని మామిరావా అభయారణ్యంలో పరిశోధించిన ఆన్ మగుర్రన్, ఎల్డెర్ కెయిరోజ్ అనే శాస్త్రవేత్తలు వేరే సంగతి కనుగొన్నారు. ఎర్రపొట్ట పిరానాలు గుంపు కట్టడం ప్రధానంగా నీటికాకులు, మొసళ్ళు, నది డాల్ఫిన్ల వంటివాటి నుంచి కాపాడుకోవడానికేనని వారి నిర్ణయం. గుంపు చిన్నదైతే వాటి శ్వాస వేగం పెరుగుతుంది. గుడ్లు పెట్టే ఈడు వచ్చినవి గుంపు నడిమిలో ఉంటాయి. భయపడే చేపను చూసి మనం ఇన్నాళ్ళూ భయపడుతున్నామన్న మాట నాకు ఆ నీటికాకిని చూసినప్పుడు బాగా పట్టింది.

అన్ని జాతులూ గుంపు కట్టవు. ఇవాన్ సాజిమా, ఆయన సహపరిశోధకుడు కలిసి పాంటనాల్ నీళ్ళలోకే దిగి మూడు జాతులను గమనించి 1990లో ఆ వివరాలు ప్రకటించారు. అందులో సెర్రాసాల్మస్ మార్జినాటస్ అనే పిరానా ఒంటరిగా తిరుగుతుందని తేలింది. ఎర్రపొట్టదీ, మరొకటీ మాత్రం గుంపుగా ఉంటాయి. బతికి ఉన్న పెద్ద చేప వెనుక మెల్లగా చేరి తోక అంచునో రెక్క అంచునో ఒక ముక్క కొరికి తప్పుకోవడం వీటికి మామూలు. తెగిన రెక్క మళ్ళీ పెరుగుతుంది కనుక, ఆ పెద్ద చేప చావదు. కొరికినదానికి తిండి తరగదు. మొదటి రోజు మార్కెట్టులో పకూల తోకల మీద చూసిన గాట్లు నాకప్పుడు అర్థమయ్యాయి.

మధ్యాహ్నం ఇసుక మేట దగ్గర పడవ ఆపి, పడవ అతను మొలలోతు నీళ్ళలో దిగి స్నానం చేశాడు. అతను మమ్మల్నీ రమ్మన్నాడు గానీ, ముందురోజు చెప్పు సంగతి గుర్తుండటం వల్ల నేను మోకాలి లోతు దాటలేదు. నీరు పారుతున్న చోట, తిండి దొరుకుతున్న కాలంలో మనిషి జోలికి రావడం అరుదు. నీళ్ళు ఆగి వేడెక్కిన చోట, లేదా గుడ్లను కాపలా కాసే చోట కాట్లు పడతాయి. అప్పుడు కూడా సాధారణంగా ఒక మనిషికి ఒకటే కాటు. చాలామందిని కరిచిన సంఘటనలు లేకపోలేదు. ఇదే నీరు పరాగ్వే నది గుండా పరానాలో కలిసి అర్జెంటీనా చేరాక, రొసారియో నగరం దగ్గర 2013 డిసెంబరు 25న, విపరీతమైన ఎండలో నదిలో స్నానాలకు దిగినవాళ్ళలో సుమారు 70 మంది గాయపడ్డారు. అక్కడ ఈ చేపలను పలోమెతా అంటారు.

ఐదో రోజు: పోర్తు జోఫ్రి దారి

రోజంతా దుమ్ము. 2020లో పాంటనాల్‌లో నాలుగో వంతుకు పైగా తగలబడింది. ఆ మంటల్లో మాడిన మొద్దులు మూడేళ్ళ తర్వాత కూడా దారి పక్కన నల్లగా నిలబడి ఉన్నాయి.

బండి కుదుపుల మధ్య మా మాటలన్నీ పిరానాల సరిహద్దుల మీద సాగాయి. సహజంగా ఇవి దక్షిణ అమెరికాలో తప్ప మరెక్కడా లేవు. ఆ ఖండంలో కూడా ఆండీస్ పర్వతాలకు తూర్పున, అమెజాన్, ఒరినోకో, పరాగ్వే–పరానా, సావో ఫ్రాన్సిస్కో పరీవాహకాల్లోనూ, గయానా వైపు నదుల్లోనూ ఉంటాయి. ఆండీస్‌కు పడమట పసిఫిక్‌లోకి దూకే నదుల్లో ఉండవు. ఈ హద్దులను గీసినవి కొండలు, జలపాతాలు. పరానా నది మీద సెతె కెదాస్ అనే గొప్ప జలపాతం ఉండేది. నిన్న చెప్పిన ఒంటరి పిరానా దానికి దిగువనే ఆగిపోయేది. 1982లో ఇటైపు ఆనకట్ట జలాశయం ఆ జలపాతాన్ని ముంచేయడంతో అడ్డు తొలగి, అది ఎగువ పరానాలోకి ఎక్కింది. అక్కడ అంతకుముందే ఉన్న వేరొక జాతి పిరానా దాని ధాటికి బాగా తగ్గిపోయింది. ఒక కట్ట కట్టడం వల్ల నీళ్ళలో ఎవరి ఇల్లు ఎవరిపాలవుతుందో కొల్లేరు వాళ్ళకు తెలుసు. బావమరిది ఈ సంగతి విని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఆరో రోజు: కుయబా నది, మడుగులు

పోర్తు జోఫ్రికి వచ్చేవాళ్ళందరూ జాగ్వార్ కోసం వస్తారు. ఒడ్డున చెట్టు కింద ఒకటి మాకూ కనిపించింది. పడవలన్నీ అక్కడ గుమిగూడితే, మేము మాత్రం నీటికుక్కలు ఉన్నాయన్న పాయ వైపు వెళ్ళాము. మనిషంత పొడవుండే ఈ పెద్ద నీటికుక్కలు ఐదు ఒకే కుటుంబంగా వేటాడుతున్నాయి. అందులో ఒకటి మునిగి ఎర్రపొట్ట పిరానాతో పైకి వచ్చి, మోడు మీద ఎక్కి, ముందుకాళ్ళతో దాన్ని మొక్కజొన్న పొత్తులా పట్టుకుని తల దగ్గర నుంచి నమలడం మొదలుపెట్టింది. ఎముకలు విరిగే చప్పుడు పడవలో ఉన్న మాకు స్పష్టంగా వినిపించింది. ముందు తల తినేస్తే ఆ పళ్ళతో ఇక ఇబ్బంది ఉండదు.

పాయ చివర ఒక పెద్ద మడుగు వచ్చింది. దాని మీద సగం మేర గుర్రపుడెక్క పరుచుకుని ఉంది. మన కాలువలను కప్పేసి రైతుల ప్రాణాలు తీస్తున్న ఈ మొక్క దక్షిణ అమెరికాది. దాని సొంత ఊళ్ళో దాన్ని చూడటం నాకు ఇదే మొదటిసారి. ఇక్కడ దాన్ని తినే పురుగులు ఉన్నాయి, వరద వచ్చినప్పుడు తెప్పలుగా తెగి నదిలో కొట్టుకుపోతుంది కూడా. పడవ అతను ఒక మొక్కను వేళ్ళతో సహా ఎత్తి, ప్లాస్టిక్ తొట్టిలో దులిపాడు. నల్లటి గడ్డంలాంటి ఆ వేళ్ళలోంచి రొయ్యపిల్లలు, తూనీగ పిల్లపురుగులు, వాటితో పాటు చూపుడువేలి పొడవున్న ఒక వెండి రంగు చేప పడ్డాయి. ఒంటి నిండా నల్ల చుక్కలు. పొట్ట మీద ఎరుపు ఇంకా రాలేదు. కింది దవడ మాత్రం అప్పటికే ముందుకు వచ్చి ఉంది. పోయిన వానాకాలంలో పొదిగిన పిరానా పిల్ల అది.

వానలు పడి బయలు మునిగినప్పుడు పెద్ద చేపలు గడ్డి మునిగిన లోతు తక్కువ నీళ్ళలోకి వెళ్ళి గుడ్లు పెట్టి, వాటికి కాపలా ఉంటాయి. పిల్లలు ఇలాంటి వేళ్ళ చాటున పురుగులూ రొయ్యలూ తిని పెరుగుతాయి. వరద తీసేటప్పుడు కొన్ని నదికి చేరతాయి, కొన్ని మడుగుల్లో ఉండిపోతాయి, మిగిలినవి రోడ్డు పక్క గుంటల్లో చిక్కుతాయి. పిరానా నివాసం నది అని పుస్తకాల్లో చదివినప్పుడు నేను ఒక చోటును ఊహించుకున్నాను. ఏడాదిలో మూడు నాలుగు చోట్లు మారే ఆ ఇంటిని చూపించింది ఆ తొట్టిలోని పిల్ల చేప. దాన్ని దోసిట్లోకి తీసుకోవాలనిపించింది గానీ, పడవ అతను వద్దని, తొట్టిని మెల్లగా వంచి వేళ్ళ మధ్యకే వదిలాడు.

ఏడో రోజు: తిరుగు దారి

తెల్లవారకముందే బయలుదేరి, మధ్యాహ్నానికి రెండో రోజు చూసిన గుంట దగ్గర బండి ఆపించాము. మొసళ్ళు అప్పటికంటే ఎక్కువ చేరాయి. కొంగల్లో ఎత్తైన తుయుయూలు రెండు, నల్లటి మెడల అడుగున ఎర్రటి పట్టీతో, నీళ్ళ మధ్యకు నడిచి వచ్చి పొడుస్తున్నాయి. గుంజ మీద నేను పెట్టిన పెన్ను గుర్తు చెక్కు చెదరలేదు. నీళ్ళు దానికి రెండు వేళ్ళ మందం కిందికి దిగి, ఆ మేర కొత్త బురద ఎండకు పగుళ్ళు తీస్తోంది.

వానలు ఎప్పుడు మొదలవుతాయని డ్రైవరును అడిగాను. అక్టోబరులో నాలుగు జల్లులు పడతాయనీ, బయలు మునగాలంటే నవంబరు దాటాలనీ చెప్పాడు. అంతదాకా ఈ గుంటలో నీళ్ళు ఉంటాయా అని అడిగితే, ఆయన దిగి వచ్చి గుంట లోతును ఒకసారి చూసి, కొన్నేళ్ళు ఉంటాయి, కొన్నేళ్ళు ఉండవు అన్నాడు. గుంట మధ్యలో నీళ్ళు ఇంకా కదులుతూనే ఉన్నాయి. నేను పెన్ను తీసి, కొత్త తేమ గీత దగ్గర ఇంకో గుర్తు పెట్టి బండి ఎక్కాను.